మనం పెట్టకపోతే పక్కవాడు పెడతాడు

2005లో బీటెక్ అయ్యాక నా మొదటి ఉద్యోగం గోదావరి జిల్లాల్లో ఒక టౌన్లో, మేడ మీద రెండు గదుల కన్సల్టెన్సీ ఆఫీసులో. రెండు కంప్యూటర్లు, ఒక ప్లాటర్, గోడంతా చుట్టి పెట్టిన పాత బ్లూప్రింట్లు. పొద్దున్నుంచి ఆటోక్యాడ్‌లో ప్లాన్లు గీసేవాణ్ణి, సాయంత్రం మున్సిపాలిటీకి వెళ్ళాల్సిన ఫైళ్ళు సర్దేవాణ్ణి. మా సార్ టేబుల్‌కి కుడిపక్క రెండో డ్రాయర్లో ఒక రబ్బరు స్టాంపు ఉండేది. చెక్క పిడి, వాడి వాడి నున్నగా అయిపోయింది, రబ్బరు అంచు ఒకచోట ఊడి ఒక అక్షరం సగమే పడేది. ఆ స్టాంపు మీద పేరు మా సార్‌ది కాదు, ఎప్పుడో గవర్నమెంట్ సర్వీసులో రిటైరైన ఒక పెద్దాయనది. ఆయన నెలకోసారి వచ్చి, ఫ్యాన్ కింద కూర్చుని, ఒక కట్ట కాగితాల మీద వరసగా సంతకాలు పెట్టి, కాఫీ తాగి, కవర్ తీసుకుని వెళ్ళిపోయేవారు. ఆ కాగితాలు ఖాళీవి. తర్వాత మేము వాటి మీద ప్రింట్ తీసేవాళ్ళం, "ఈ భవనాన్ని నేను స్వయంగా పరిశీలించాను, నిర్మాణపరంగా పటిష్ఠంగా ఉందని ధ్రువీకరిస్తున్నాను" అని. కింద స్టాంపు నేనే వేసేవాణ్ణి. సంతకం మీద పడకుండా, కొంచెం పక్కకి, వంకర పోకుండా వెయ్యాలని సార్ నేర్పారు.

ఒకరోజు అడిగాను, "సార్, ఈ బిల్డింగ్ మనం ఎవరమన్నా వెళ్ళి చూశామా అండీ?" అని. ఆయన కోప్పడలేదు. "చూట్టానికి ఏముందయ్యా, మనం పెట్టకపోతే పక్కవీధిలో పెడతారు. క్లయింటు పోతాడు, అంతే" అన్నారు.

ఆయన చెడ్డ మనిషి కాదు, ఇది రాస్తున్నప్పుడు ఆ మాట గట్టిగా చెప్పాలనిపిస్తోంది. సొంతంగా డిజైన్ చేసిన బిల్డింగ్ అయితే ఎండలో సైట్‌కి వెళ్ళి రింగుల దూరం టేపు పెట్టి కొలిచేవారు, కాలమ్ దగ్గర లాప్ (ఊచ మీద ఊచ ఎక్కే పొడవు) తక్కువ వదిలితే మేస్త్రిని నిలబెట్టి మళ్ళీ కట్టించేవారు, నాకు వచ్చిన పని సగం ఆయన దగ్గర నేర్చుకున్నదే. అలాంటి మనిషి కూడా ఆ డ్రాయర్ తెరిచేవారంటే అది ఆయన గుణం వల్ల కాదు. పక్కవీధి వల్ల. కాదు అన్నవాడు మాత్రమే నష్టపోయి, బిల్డింగ్ ఎలాగూ లేచే చోట, ఎంత నిజాయితీపరుడైనా ఎన్నాళ్ళు కాదంటాడు?

ఇరవై ఏళ్ళ తర్వాత ఇప్పుడు టెక్సాస్‌లో, డాలస్ దగ్గర స్ట్రక్చరల్ ఇంజనీర్‌గా ఉన్నాను, పీఈ (ప్రొఫెషనల్ ఇంజనీర్) లైసెన్స్ ఉంది. ఎమ్మెస్ చదివే తమ్ముళ్ళు, అమ్మాయిలు ఫోన్ చేసి అందరూ ఒకటే అడుగుతారు, "అన్నా, పీఈ రాస్తే శాలరీ ఎంత పెరుగుతుంది?" అని. తప్పేం లేదు, లోన్లున్నవాళ్ళు అడగాల్సిన ప్రశ్నే. నేను చెప్పే జవాబు ఇది: కన్సల్టింగ్‌లో ఉంటే పెరుగుతుంది, బ్రహ్మాండంగా కాదు కానీ పెరుగుతుంది, పైగా అది లేకుండా ఒక స్థాయి దాటి పైకి రావడం కష్టం, ఎందుకంటే డ్రాయింగ్‌కి బాధ్యుడుగా పేరు వెయ్యాలంటే లైసెన్స్ ఉండాలి. ఫ్యాక్టరీల్లో, ప్రొడక్ట్ కంపెనీల్లో ఉంటే ఒక్క డాలర్ కూడా పెరగకపోవచ్చు, అక్కడ చాలావరకు చట్టమే మినహాయింపు ఇచ్చింది. ఇంకో సంగతి కూడా చెప్తాను, లైసెన్స్ మనిషిది, కంపెనీది కాదు, ఉద్యోగం పోయినా వీసా మారినా అది మనతోనే ఉంటుంది. ఇంతవరకూ అందరూ చెప్పేదే. నేను అసలు చెప్పాలనుకునేది ఇది కాదు.

ఎలా వస్తుందో తెలియనివాళ్ళకి క్లుప్తంగా. ముందు ఎఫ్ఈ (ఫండమెంటల్స్ ఆఫ్ ఇంజనీరింగ్) అని ఒక పరీక్ష, డిగ్రీ అవుతుండగానే రాయొచ్చు. తర్వాత మామూలుగా నాలుగేళ్ళు లైసెన్స్ ఉన్న ఇంజనీర్ల కింద పని, వాళ్ళ రిఫరెన్సులు, పీఈ పరీక్ష. మన ఇండియా డిగ్రీలకి మార్కుల లిస్టులు పంపించి విడిగా మదింపు చేయించుకోవాల్సి రావచ్చు, అది ఓపిక పరీక్షించే పని, యూనివర్సిటీలో కాగితం కదలాలి కదా. ఏ రాష్ట్రం లైసెన్స్ ఆ రాష్ట్రానిదే. నేను రాసింది 2014 అక్టోబర్లో, అప్పటికింకా కాగితం మీదే, పుస్తకాలు తీసుకెళ్ళి చూసి రాయొచ్చు, జనం చక్రాల సూట్‌కేసుల్లో పుస్తకాలు లాక్కుంటూ వచ్చారు, రైల్వే ప్లాట్‌ఫాం లాగా ఉంది హాలు. పొద్దున నాలుగు గంటలు, మధ్యాహ్నం నాలుగు గంటలు, మొత్తం 80 ప్రశ్నలు, వాళ్ళిచ్చిన పెన్సిల్‌తోనే రాయాలి. ఇప్పుడు సివిల్ పీఈ మొత్తం కంప్యూటర్ మీదకి మారిపోయింది. కష్టమే, కానీ మన ఎంసెట్, గేట్ రాసొచ్చిన పిల్లలకి భయపడాల్సినంత కాదు.

పరీక్ష పాసయ్యాక ఏం మారుతుంది అన్నదే విషయం. పాసైన మర్నాడు నా తెలివి పెరగలేదు, బీమ్ డిజైన్ అదే, కోడ్ అదే. మారింది నా సంతకం. మొదటిసారి నా పేరు, నంబరు ఉన్న సీల్ డ్రాయింగ్ మీద పెట్టేముందు, అది మామూలు చిన్న షాపు షెడ్డు, అయినా కాలిక్యులేషన్స్ మూడోసారి మొదట్నుంచి చేశాను. ఆ రాత్రి నాకు ఆ చెక్క పిడి స్టాంపు గుర్తొచ్చింది, ఎన్నిసార్లు వేశానో లెక్క లేదు, ఆ బిల్డింగుల్లో ఇప్పుడు ఎవరో కాపురం ఉంటూ ఉంటారు.

ఇక్కడ సీల్ పెట్టడానికి ఒక షరతు ఉంది. ఆ పని నువ్వు చేసి ఉండాలి, లేదా నీ కళ్ళముందు, నీ అజమాయిషీలో జరిగి ఉండాలి. వేరేవాళ్ళు గీసి తెచ్చిన దాని మీద డబ్బు తీసుకుని సీల్ కొట్టడం చట్టప్రకారం తప్పు. అంటే మా పాత ఆఫీసు రెండో డ్రాయర్ మొత్తం ఇక్కడ లైసెన్స్ పోయే కేసు. దొంగ సంతకాలు ఇక్కడ అస్సలు లేవని నేననను, ఉన్నాయి. కానీ దొరికితే లైసెన్స్ ఇచ్చే బోర్డు వాళ్ళు పేరు, చేసిన తప్పు, వేసిన శిక్ష అన్నీ బయటపెడతారు, ఎవరైనా చదువుకోవచ్చు. ఏటా 15 గంటలు ఏదో ఒకటి నేర్చుకుని చూపించాలి టెక్సాస్‌లో, అందులో ఒక గంట ఎథిక్స్. చాలామంది ఆ గంటని మొక్కుబడిగా కానిచ్చేస్తారు. నేను ఆ శిక్షల లిస్టు కూర్చుని చదువుతాను, పేరుపేరునా. నా వయసువాళ్ళే, నాలాగే చదువుకున్నవాళ్ళే.

సీల్ అంటే ఏమిటో నాకు బాగా అర్థమైంది కాన్సాస్ సిటీ హోటల్ కేసు చదివినప్పుడు. 1981 జులై 17, హయత్ రీజెన్సీ హోటల్ లాబీలో డాన్స్ ప్రోగ్రాం జరుగుతోంది, పైన గాల్లో వేలాడే నడక వంతెనలు రెండు ఒకదాని కింద ఒకటి, రెండూ కూలి 114 మంది చనిపోయారు. కారణం చాలా చిన్నది. మన ఇళ్ళల్లో ఉట్టి ఉండేది కదా, ఒక పొడుగు తాడుకి పైన ఒక కుండ, కింద ఒక కుండ కట్టారనుకోండి, తాడు రెండూ మోస్తుంది కానీ పై కుండ దగ్గర ముడి మాత్రం పై కుండ బరువే మోస్తుంది. అలా కాకుండా పై కుండని ఒక తాడుకి కట్టి, కింది కుండని ఇంకో తాడుతో పై కుండ అడుక్కి వేలాడేశారనుకోండి, ఇప్పుడు పై కుండ ముడి మీద రెండు కుండల బరువు పడింది. అక్కడ జరిగింది సరిగ్గా అదే. ఒకే పొడుగు రాడ్ బిగించడం కష్టమని స్టీలు వర్క్ దగ్గర దాన్ని రెండు రాడ్లుగా మార్చారు, నాలుగో అంతస్తు బీమ్ కింద నట్టు మీద బరువు రెట్టింపైంది. అసలు మొదటి డిజైనే సిటీ కోడ్ అడిగినంత బలంగా లేదు, ఈ మార్పుతో ఇంకా పోయింది. ఆ మార్పు ఉన్న డ్రాయింగ్ మీద ఇంజనీర్ల ఆమోదం ఉంది. కూర్చుని లెక్క వేస్తే ఒక పేజీ కూడా పట్టదు. ఎవరూ వెయ్యలేదు. తర్వాత మిస్సోరి రాష్ట్రంలో ఇద్దరు ఇంజనీర్ల లైసెన్సులు పోయాయి. మార్చింది మేం కాదు, స్టీలు వాళ్ళు అని వాదించారు, చెల్లలేదు. సీల్ నీదైతే ఆ నట్టు కూడా నీదే.

ఇప్పుడు పక్కవీధి దగ్గరికి వస్తాను. డాలస్ చుట్టుపక్కల నేల చాలాచోట్ల మన నల్లరేగడి అక్కచెల్లెలు. వానొస్తే ఉబ్బుతుంది, ఎండొస్తే చెయ్యి దూరేంత నెర్రెలిస్తుంది. మా నాన్నగారి ఊళ్ళో గోడలు ఎందుకు పగిలేవో నాకు ఇక్కడ ఉద్యోగంలో అర్థమైంది. కొన్నేళ్ళ కిందట ఒక చిన్న బిల్డర్ వచ్చాడు, నేల రిపోర్టులో ప్లాస్టిసిటీ ఇండెక్స్ 40 పైన ఉంది, అంటే బాగా ఉబ్బే నేల, పియర్లు (పునాది కింద లోతుకి దించే కాంక్రీటు స్తంభాలు) ఉబ్బే పొర దాటి లోతుకి దిగాలి. డ్రిల్లింగ్ ఖర్చు తగ్గించు, లోతు మూడోవంతు తగ్గించి సీల్ పెట్టు అన్నాడు. కుదరదన్నాను. కోపంగానే వెళ్ళాడు. నాకు తెలుసు వేరేచోట అడుగుతాడని, ఆ వారం నా మనసులో మా సార్ మాట తిరుగుతూనే ఉంది, పక్కవీధిలో పెడతారు, పక్కవీధిలో పెడతారు అని. పది రోజులకి తిరిగొచ్చాడు. ఇద్దర్ని అడిగాట్ట, ఇద్దరూ నేల రిపోర్టు చూడకుండా మాట్లాడం అన్నారట, చూశాక నేను చెప్పిందే చెప్పారట. "సరే, నీ లోతే కానీ" అన్నాడు. ఆ ఇద్దరూ ఎవరో నాకు ఇప్పటికీ తెలియదు. వాళ్ళు నాకన్నా మంచివాళ్ళో కాదో కూడా తెలియదు. కానీ వాళ్ళ దగ్గరా పోగొట్టుకోవడానికి నా దగ్గరున్నదే ఉంది, అందుకని జవాబు ఒకటే వచ్చింది. నేను లైసెన్స్ విలువ అంటున్నది దీన్నే. ఒక మనిషిని నిజాయితీపరుణ్ణి చెయ్యడం ఏ కాగితం వల్లా కాదు, కానీ నిజాయితీగా ఉన్నవాడు ఒంటరి కాకుండా చెయ్యడం చట్టం వల్ల అవుతుంది.

ఇది అమెరికా వాళ్ళకి పుట్టుకతో వచ్చిన సుగుణం అనుకోకండి. 1907లో వ్యోమింగ్ మొదటి రాష్ట్రం ఇంజనీర్లకి లైసెన్స్ పెట్టింది, ఎందుకంటే నీటి హక్కుల కోసం ఇచ్చే మ్యాపుల మీద లాయర్లు, నోటరీలు కూడా ఇంజనీర్లమని సంతకాలు పెట్టేస్తున్నారు. అచ్చం మా డ్రాయరే. టెక్సాస్ కథ ఇంకా ఘోరం. 1937 మార్చి 18న తూర్పు టెక్సాస్‌లో న్యూ లండన్ అనే ఊళ్ళో స్కూల్లో గ్యాస్ పేలింది. హీటింగ్ ఖర్చు తగ్గుతుందని ఆయిల్ కంపెనీ పైపు నుంచి ఊరికే పోయే గ్యాస్‌ని స్కూలుకి కలుపుకున్నారు, ఎక్కడో లీకై బిల్డింగ్ కింద పేరుకుంది, దానికి వాసన లేదు, ఎవరికీ తెలియలేదు. దాదాపు 300 మంది పోయారు, ఎక్కువమంది పిల్లలే. ఆ ఏడాదే టెక్సాస్ ఇంజనీర్ల లైసెన్స్ చట్టం తెచ్చింది, గ్యాస్‌కి వాసన కలపాలని రూలు కూడా అప్పటిదే. మన వంటింట్లో సిలిండర్ లీకైతే గుప్పుమంటుందే, అలా వాసన కలపడం పట్టుబట్టి అమలు చెయ్యడం వెనక ఆ పిల్లలు ఉన్నారు. నేను ఒకసారి అక్కడికి వెళ్ళాను, రోడ్డు మధ్యలో గ్రానైట్ స్మారకం ఉంది, దాని మీద పేర్లు. మా అమ్మాయికి అప్పుడు ఎనిమిదేళ్ళు, ఒక్కో పేరు వేలు పెట్టి చదువుతుంటే నేను కారు దగ్గరికి వచ్చి నిలబడ్డాను.

లైసెన్స్ వ్యవస్థలో అన్నీ మంచే అని నేను వాదించట్లేదు. ఓరెగాన్‌లో స్వీడన్ నుంచి వచ్చిన ఒక ఎలక్ట్రానిక్స్ ఇంజనీర్, వాళ్ళావిడకి రెడ్ లైట్ టికెట్ వస్తే పసుపు లైట్ ఎంతసేపు ఉండాలో లెక్క కట్టి అందరికీ చెప్పడం మొదలుపెట్టాడు, లైసెన్స్ లేకుండా ఇంజనీరింగ్ చేస్తున్నావు, ఇంజనీర్ అని చెప్పుకుంటున్నావు అని బోర్డు 500 డాలర్లు ఫైన్ వేసింది. ఆయన కోర్టుకి వెళ్ళి గెలిచాడు, 2018లో తీర్పు వచ్చింది, సంతోషం. జనం ప్రాణాల్ని కాపాడాల్సిన చట్టంతో లెక్కలు అడిగినవాడి నోరు మూయిస్తే అది చట్టానికే చేటు. అలాగే మన సాఫ్ట్‌వేర్ వాళ్ళ సంగతి. టెక్సాస్ 1998లోనే సాఫ్ట్‌వేర్ ఇంజనీర్లకి లైసెన్స్ ఇవ్వడం మొదలుపెట్టింది, 2013లో దేశం మొత్తానికి పీఈ సాఫ్ట్‌వేర్ పరీక్ష కూడా పెట్టారు, 2019లో ఎత్తేశారు, మొదటి ఐదుసార్లూ కలిపి రాసింది 81 మంది. ఎవరూ అడగని చోట ఎవరూ రాయరు. ఆస్పత్రి మెషీన్లలో, విమానాల్లో, కార్ల బ్రేకుల్లో నడిచే కోడ్ గురించైనా ఈ చర్చ మళ్ళీ మొదలవ్వాలని నా అభిప్రాయం, కాకపోతే అది నా రంగం కాదు కాబట్టి ఎలా చెయ్యాలో చెప్పే అర్హత నాకు లేదు.

నా రంగం గురించి చెప్తాను. మన దేశంలో లాయర్లకి 1961 చట్టం ఉంది, ఆర్కిటెక్టులకి 1972 చట్టం ఉంది, సీఏలకి 1949 నుంచి ఉంది, డాక్టర్ల సంగతి చెప్పక్కర్లేదు. ఇంజనీర్లకి దేశం మొత్తానికీ అలాంటి చట్టం లేదు. విశ్వేశ్వరయ్య గారు 1908 మూసీ వరద తర్వాత హైదరాబాద్‌కి దారి చూపిన దేశం, ఏటా సెప్టెంబర్ 15న ఆయన ఫోటోకి దండ వేస్తాం, కానీ ఆయన వృత్తికి చట్టం లేదు. ఇన్‌స్టిట్యూషన్ ఆఫ్ ఇంజనీర్స్ 1920 నుంచి ఉంది, చార్టర్డ్ ఇంజనీర్ అని ఇస్తారు, మంచిదే, కానీ అది లేకపోయినా ఎవరూ ఆపరు. మున్సిపాలిటీల్లో లైసెన్సుడు స్ట్రక్చరల్ ఇంజనీర్లు ఉంటారు, ఆంధ్రలో ఎల్‌టీపీలు (లైసెన్సుడు టెక్నికల్ పర్సన్లు) ఉంటారు, డిగ్రీ, అనుభవం కాగితాలు చూసి ఇచ్చేవి. వాళ్ళలో నిలబడి పనిచేసేవాళ్ళు నాకు తెలుసు, వాళ్ళ మీద నాకు గౌరవం, ఎందుకంటే వాళ్ళు నాకు లేని ఇబ్బంది రోజూ పడుతున్నారు. కాదంటే పక్కవీధి ఉంది.

సీఏలని చూడండి. 2019 నుంచి వాళ్ళు ఏ సర్టిఫికెట్ మీద సంతకం పెట్టినా యూడీఐఎన్ అని ఒక నంబర్ తియ్యాలి, బ్యాంకు వాళ్ళు ఆన్‌లైన్లో కొట్టి చూస్తే ఆ సంతకం అసలుదో నకిలీదో తెలిసిపోతుంది. ఒక లోను కాగితానికి ఇంత పట్టింపు ఉన్నప్పుడు, నలభై కుటుంబాలు నిద్రపోయే అపార్టుమెంట్ సర్టిఫికెట్‌కి ఎందుకు ఉండకూడదు? ఈ ఇంజనీర్ ఈ నెలలో ఎన్ని బిల్డింగులకి సంతకం పెట్టాడు, ఏ ఊళ్ళల్లో పెట్టాడు అని ఎవరైనా చూడగలిగితే, నెలకోసారి కాఫీ తాగి కట్ట మీద సంతకాలు పెట్టే పద్ధతి చాలావరకు ఆగిపోతుంది. 2016 డిసెంబర్లో నానక్‌రామ్‌గూడలో కడుతున్న ఏడంతస్తుల బిల్డింగ్ రాత్రిపూట కూలి 11 మంది పోయారు. అక్కడే ఉంటూ దాన్ని కడుతున్న కూలీల కుటుంబాలు, విజయనగరం వైపు నుంచి వచ్చినవాళ్ళు, ఛత్తీస్‌గఢ్ వాళ్ళు. ఆ వార్త నేను ఇక్కడ ఆఫీసులో చదివాను, ఆ రోజు ఇంకేం పని చెయ్యలేకపోయాను. నేను స్టాంపు వేసిన వాటిల్లో ఏదీ కూలలేదు. అంతవరకు నా అదృష్టం, దానికి నేను చేసిందేం లేదు.

మూడేళ్ళ కిందట ఇంటికి వెళ్ళినప్పుడు మా బాబాయ్ మేడ మీదకి తీసుకెళ్ళాడు. పునాది జీ ప్లస్ వన్‌కి వేసిన ఇల్లు, దాని మీద ఇంకో రెండు అంతస్తులు లేపి అద్దెకిద్దామని. కాలమ్ ఊచలు అప్పట్లోనే వదిలి ఉంచారు, నాలుగడుగులు పైకి లేచి, తుప్పు పొరలు పొరలుగా లేస్తోంది.

"ఒరేయ్, నువ్వు అమెరికాలో పెద్ద ఇంజనీర్‌వి కదా, చూసి చెప్పు."

"కుదరదు బాబాయ్. ఫుటింగ్ రెండు అంతస్తులకే. నేల నల్లరేగడి."

"ఇక్కడ ఇంజనీర్ గారు ఓకే అన్నారు రా. ముందు ఒకాయన్ని అడిగితే వద్దన్నాడు, ఈయన సర్టిఫికెట్ కూడా ఇస్తానన్నాడు."

ఆ ముందు వద్దన్నాయన ఎవరో కనుక్కుని మర్నాడు వెళ్ళి కలిశాను. చిన్న ఆఫీసు, ఒకే కంప్యూటర్. నేను ఫలానా వాళ్ళబ్బాయినండీ అంటే కూర్చోమన్నారు. మా ఇంటి గురించి ఆయనకి గుర్తుంది, గొయ్యి తవ్వించి పునాది చూసి మరీ వద్దన్నారట, దానికి ఫీజు కూడా రాలేదు. ఆ ఫీజు నేను ఇవ్వబోతే తీసుకోలేదు. "ఈ నెల్లో నాలుగోది బాబూ మీది" అన్నారు, అంటే వద్దన్నవి నాలుగు, నాలుగూ వేరే చోటికి వెళ్ళిపోయాయని. మా బాబాయ్‌ని మాత్రం ఒప్పించగలిగాను, అదీ ఇంజనీర్‌గా కాదు, కొడుకు వరసవాడు నాలుగు రోజులు అన్నం దగ్గర పోరుపెడితే విన్నాడు.

పోయిన వేసవిలో మళ్ళీ వెళ్ళాను. మేడ మీద ఆ ఊచలు అలాగే ఉన్నాయి, తుప్పు అంటకుండా పైన పాత వాటర్ బాటిళ్ళు బోర్లించారు. ఈ చివర ఊచ నుంచి ఆ చివర ఊచకి నైలాన్ తాడు కట్టి, పిన్ని బట్టలు ఆరేస్తోంది.